గుండె మీద చేయి

ప్రసంగమునకు ముందు మీచేత ఒక చిన్న పని చేయింపదలచినాను. ఎదుటివాని మాటపై అనుమానము కలిగినపుడు “ఏదీ, గుండె మీద చేయి వేసికొని చెప్పు” అని అడుగుట మనకు అలవాటు గదా. ఇప్పుడు మీరందరును, రేడియో చెంత కూర్చున్నవారు కూర్చున్నట్లే, గుండె మీద చేయి వేసికొనుడు. పిల్లలను కూడ వేసికొనుమనుడు. ఇంచుమించు అందరి చేయియు ఎడమ రొమ్ము మీదికే పోయియుండును. నేను కొత్తగా వైద్యకళాశాలలో చేరిన విద్యార్థులను ఏటేట ఈ ప్రశ్నయే అడుగుచుండెడివాడను. వారి చేయియు అచటికే పోయెడిది.

గుండె అచట లేదు. మెడ క్రింది గుంట మొదలుకొని క్రిందికి రొమ్ము నడుమగా ఒక చదునైన ఎముక మీ వ్రేళ్లకు తగులును. దానిని ఉరోస్థి అందురు, రొమ్ముటెముక అనినను తప్పులేదు. ఆ ఎముక వెనుక, రెండు ఊపిరితిత్తుల నడుమ, వారి వారి పిడికిలి అంత పరిమాణమున గుండె ఉండును. అది నిటారుగా నిలిచియుండదు. ఒరిగి కూర్చుండును. అందుచేత దానిలో ఇంచుమించు మూడవవంతు నడిమిగీతకు కుడివైపునను, తక్కినది ఎడమవైపునను పడును. దాని కొన మాత్రము ఎడమ చనుమొనకు కొంచెము క్రిందుగా, అయిదవ ప్రక్కటెముకకు ఆరవదానికి నడుమ, రొమ్ముగోడను తట్టుచుండును. ఆ తట్టుడు మన చేతికి తెలియును. తలుపు ఎచట తట్టబడినదో ఇంటివారందరును అచటనే కాపురమున్నారని అనుకొన్నట్లు, మనము చప్పుడు వినబడిన చోటనే గుండె ఉన్నదనుకొన్నాము. ఇది కేవలము పిల్లల పరీక్షలో పోయెడి ఒక మార్కు సంగతి కాదు. ఎట్లు కాదో కొంత తడవైన పిదప చెప్పెదను.

మనకు మేక దేహము తెలిసినంతగా మన దేహము తెలియదనిన కొందరికి కోపము రావచ్చును. కాని ఆదివారమునాడు మాంసపు కొట్టు ముందు నిలుచున్న గృహస్థుని చూడుడు. కార్జము ఇంత, మూలుగ ఎముకలు ఇన్ని, గుండెకాయ వేయుమని, ప్రేగులు వలదని, పేరుపేరున అడుగగలడు. ఆయననే “అయ్యా, మీ కార్జము ఏ ప్రక్క నున్నది?” అని అడిగినచో ఒక నిమిషము తడుముకొనును. అది కుడి డొక్కలో, ప్రక్కటెముకల చాటున ఉన్నది. బరువు ఇంచుమించు కిలోన్నర. లోపలి అవయవములలో అంతకంటె పెద్దది లేదు.

మన మాటలలోనే ఒక చిక్కు దాగియున్నది. దానిని విప్పుకొననిదే ముందుకు పోజాలము. చేతి మీద నీలముగా ఉబ్బినవానిని చూపి “నరాలు తేలినవి” అందుము. సూది “నరానికి” ఇచ్చినారందుము. తిమ్మిరి ఎక్కినను “నరము పట్టినది” అందుము. వైద్యుడు మణికట్టు పట్టి చూచునది “నాడి” అందుము. శరీరశాస్త్రము తెలుగులో వ్రాసినవారు ఆ నాడి అను మాటనే మెదడు నుండి వార్తలు మోయు తంతువులకు పెట్టినారు. ఈ తీరున మూడు వేర్వేరు వస్తువులు రెండు మాటలలో ఇరుకుకొన్నవి. చేతి మీద నీలముగా కనబడునవి సిరలు. అవి రక్తమును గుండెకు తిరిగి చేర్చును. మణికట్టున వ్రేలికి కొట్టుకొనునది ధమని. అది గుండె నుండి రక్తమును తెచ్చును. తిమ్మిరికి సంబంధించినది మూడవది. అది గొట్టము కాదు, దారము వంటిది. దానిలో రక్తము ప్రవహింపదు. దానికే నాడి అని శాస్త్రమున పేరు. మోచేతి వెనుక లోపలివైపు ఎముకకు ఏదైన తగిలినపుడు చిటికెన వ్రేలి వరకు జివ్వున లాగును గదా, అచట మీరు స్వయముగా తెలిసికొన్నది నాడిని. ఈ మూడు వేరని గ్రహించినవారు “నరముల బలహీనత” కని అంగడిలో అమ్ము మందును కొనుటకు ముందు, ఏ నరము అని ఒక్కమారైన అడుగుదురు.

ఇక, ఈ జ్ఞానము మనుష్యునికెట్లు వచ్చినది? వినుటవలన కాదు, చూచుటవలన. సుశ్రుతసంహిత శారీరస్థానమున ఈ విషయము విపులముగా నున్నది. శల్యవైద్యము చేయగోరువాడు శాస్త్రము చదివినంత మాత్రమున చాలదు, కంటితో చూడవలెను, రెండును కలిసిననే జ్ఞానము పెరుగును అని ఆ గ్రంథము శాసించును. చూచు విధానమును కూడ చెప్పినది. విషముచేత గాని దీర్ఘవ్యాధిచేత గాని మరణింపని, నూరేండ్లు పైబడని వాని దేహమును ఎన్నుకొనవలెను. ప్రేగులలోని మలమును తొలగింపవలెను. ముంజగడ్డి, దర్భ, జనుము వంటి వానితో చుట్టి, పంజరమున నుంచి, మరుగైన చోట పారు నీటిలో నిలుపవలెను. ఏడు రాత్రులైన పిదప వెలికి తీసి, వట్టివేళ్లతోనో వెదురుతోనో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని ఒక్కొక్క పొరను కన్నులార చూడవలెను. ఇచట కత్తి ప్రసక్తి లేదు. నీరును కుంచెయు చేయగలిగినంత పని. మెదడు వంటి మెత్తని భాగములు ఏడు రాత్రులు నీట నిలువవు గనుక ఈ పద్ధతికి హద్దులున్నవి. కాని ఎముకలను, కీళ్లను, స్నాయువులను వారు ఎంత శ్రద్ధతో లెక్కించినారో చూచిన ఆశ్చర్యము కలుగును. ఎముకలు 300 అని సుశ్రుతుని లెక్క. నేటి లెక్కకు పెద్దవారిలో 206. ఈ తేడాను చూచి నవ్వినవారిని నేనెరుగుదును. సుశ్రుతుడు పండ్లను, మృదులాస్థులను కూడ ఎముకలలోనే చేర్చినాడని వారికి తెలియదు. ఏది లెక్కలోనిదో తెలిసికొనకయే లెక్క తప్పనుట న్యాయము కాదు.

పడమటి దేశములలో కథ వేరొక మలుపు తిరిగినది. క్రీస్తుశకము 129లో ఆసియామైనరులోని పెర్గమమునందు జన్మించిన గాలెను అను వైద్యుడు గొప్ప పరిశోధకుడు. ఐనను నరదేహమును కోయు అవకాశము ఆయనకు లేకుండెను. కోతులను, పందులను, ఎద్దులను కోసి చూచి, కన్నదానిని మనుష్యునికి అన్వయించినాడు. దానివలన పొరపాట్లు దొర్లినవి. క్రింది దవడ రెండెముకలని ఆయన చెప్పెను. అంతవరకు దోషము క్షమింపదగినదే. దోషమంతయు తరువాతివారిది. పదమూడు వందల సంవత్సరములు ఆయన గ్రంథమునే ప్రమాణముగా చదివినారు. ఐరోపా విశ్వవిద్యాలయములలో ఆచార్యుడు ఎత్తైన పీఠము మీద కూర్చుండి గాలెనును చదువుచుండును. క్రింద ఒక మంగలి శవమును కోయుచుండును. చదువువాడు చూడడు, కోయువానికి చదువు రాదు. నడుమ విద్యార్థులు తాము చూచుచున్నది పుస్తకమున లేకపోయినచో, ఈ శవమే సరియైనది కాదేమోనని అనుకొనుచుండిరి. ఇట్టి తరగతులు పూర్తిగా అంతరించినవని నేను నమ్మజాలను.

బ్రసెల్సులో 1514లో పుట్టిన వెసేలియసు ఆ పీఠము నుండి క్రిందికి దిగినాడు. 1537లో ఇటలీలోని పాడువాలో ఆచార్యుడై, కత్తి తానే పట్టి, కోసి, చూపుచు పాఠము చెప్పెను. క్రింది దవడ ఒక్కటే ఎముక అని చూపుటకు వాదము అవసరము లేకపోయెను. దవడను చేతికిచ్చిన చాలును. 1543లో ఆయన మహాగ్రంథము వెలువడినపుడు ఆయన వయస్సు ఇరువదియెనిమిది. అదే సంవత్సరము కోపర్నికసు గ్రంథము వెలువడి భూమిని విశ్వమధ్యము నుండి కదల్చినది. ఆకాశమును, దేహమును మనుష్యుడు ఒకే ఏట తిరిగి చూచుకొనుట ఆరంభించెను.

ఆ పాడువాలోనే చదివిన ఆంగ్లేయుడు విలియము హార్వే. ఈయన చేసిన పనిని కొంత నిదానముగా చెప్పవలెను. ఏలయన దానిలో ఒక భాగమును మీరు ఈ సాయంకాలమే మీ ఇంట చేసి చూడవచ్చును. గాలెను మతమున, తిన్న అన్నము కాలేయములో రక్తముగా మారి, సిరల ద్వారా అంగములకు పోయి, అచట ఖర్చయిపోవును. పొలమునకు పెట్టిన నీరు ఇంకిపోయినట్లన్నమాట. హార్వే దీనికి లెక్క కట్టినాడు. ఆయన అంకెలకు బదులు నేటి అంకెలతో చూతము. గుండె ఒక్క మారు ముడుచుకొనినపుడు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును బయటకు త్రోయును. నిమిషమునకు ఇంచుమించు 70 మార్లు ముడుచుకొనును. అనగా నిమిషమునకు అయిదు లీటర్లు, గంటకు 300 లీటర్లు. 15 లీటర్ల బిందెలు ఇరువది! గంటకు ఇరువది బిందెల రక్తమును కాలేయము పుట్టింపవలెనన్నచో మనము ఎంత అన్నము తినవలెను? దేహములోని రక్తమంతయు కలిపి ఇంచుమించు అయిదు లీటర్లే. కాబట్టి ఆ రక్తమే తిరిగి తిరిగి రావలెను. ఇది పొలమునకు పెట్టిన నీరు కాదు, గానుగ చుట్టు తిరుగు ఎద్దు. 1628లో ఆయన ఈ సంగతిని ప్రకటించినాడు.

లెక్క ఒక్కటే అయినచో ఎదుటివారు నమ్మకపోదురేమో. చేయి చూపినాడు. మీరును చూడుడు. చేతి సిరలు బాగుగా కనబడు యువకునికెవనికైన మోచేతికి పైన ఒక గుడ్డపట్టీని మెత్తగా కట్టుడు. మణికట్టున నాడి ఆగిపోవునంత బిగువు వలదు. సిరలు ఉబ్బును. వాని పొడవున అచటచట చిన్న చిన్న బుడిపెలు కనబడును. ఒక బుడిపెకు క్రింద, అనగా అరచేతివైపుగా, ఒక వ్రేలితో సిరను నొక్కి పట్టుడు. రెండవ వ్రేలితో ఆ సిరలోని రక్తమును పైకి, బుడిపెను దాటునంతవరకు, తుడిచివేయుడు. ఆ రెండవ వ్రేలిని తీయుడు. సిర ఖాళీగానే ఉండును. పైన రక్తము నిండియున్నను క్రిందికి దిగిరాదు. ఇప్పుడు మొదటి వ్రేలిని తీయుడు. క్రింది నుండి రక్తము సరసర ఎక్కివచ్చును. ఆ బుడిపెలే కవాటములు. ఒకే వైపునకు తెరచుకొను తలుపులు. వానిని హార్వే గురువైన ఫాబ్రీషియసు 1603లోనే చిత్రించియున్నాడు గాని, అవి ఎందులకో ఆయనకు పట్టుబడలేదు. తలుపును చూచినవాడు ఒకడు, త్రోవను చూచినవాడు వేరొకడు. ఒకటి రెండు నిమిషములలో పట్టీ విప్పివేయవలెను. వృద్ధుల మీద, రక్తము పలుచబడుటకు మందు పుచ్చుకొనువారి మీద ఈ ప్రయోగము చేయవలదు. వారి చర్మము క్రింద తేలికగా కమిలిపోవును.

ధమని చివర నుండి సిర మొదటికి రక్తము ఏ దారిని దాటునో హార్వే చూడలేదు. ఆ దారి వెంట్రుక కంటె సన్ననిది. 1661లో మాల్పీజీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిలో ఆ కేశనాళికలను చూచునప్పటికి హార్వే గతించి నాలుగేండ్లు. గుండె కుడిప్రక్క నుండి ఎడమప్రక్కకు రక్తము నడిమిగోడ గుండా కాక ఊపిరితిత్తుల మీదుగా పోవునని, పదుమూడవ శతాబ్దముననే కైరోలోని ఇబ్న్ అల్ నఫీసు అను వైద్యుడు వ్రాసియుండెను. ఆ మాట పడమటివారి చెవి సోకుటకు చాలకాలము పట్టినది.

ఇక నా సంగతి. 1978లో నేను వైద్యవిద్య మొదటి సంవత్సరము చదువుచు, సెలవులకు గోదావరి తీరమున మా ఊరికి వచ్చియుంటిని. ఒకనాటి తెల్లవారుజామున మా పెదనాయనగారు లేచి కూర్చుండి, రొమ్ముటెముక క్రింద, కడుపు పైభాగమున పట్టివేసినట్లున్నదనిరి. చెమటలు పట్టినవి. ఎడమ చేయి లాగుచున్నదని కూడ అన్నారు. వాయువని పెద్దమ్మ వాము నమిలించినది. ఎవరో పోయి సోడా తెచ్చినారు. ఆయన త్రేన్చినారు. తగ్గినదన్నారు. మరల పట్టినది. గుండె నొప్పి యైనచో ఎడమ రొమ్ములో రావలెను గదా, ఇది కడుపులోనిదే అని ఇంటిల్లపాది అనుకొన్నాము. నేను కూడ అనుకొంటిని. నిజము చెప్పవలసినచో, నాకు అంతకు పదిదినముల ముందే పరీక్షలో గుండె నాడులను గురించి ప్రశ్న వచ్చినది. మంచి మార్కులే వచ్చినవి. ఆ జాబు వ్రాసిన చేతితోనే ఆయన వీపు నిమురుచు కూర్చుంటిని. రెండు గంటలు గడచిన పిదప బండి కట్టినాము. పట్టణము చేరలేదు.

ఆ నాడులను గురించి నేను పరీక్షలో వ్రాసినది ఇంతే. గుండె నుండి నొప్పి వార్తను మోయు తంతువులు వెన్నుపాములో మెడ దిగువను, వీపు పైభాగమునను ప్రవేశించును. రొమ్ము మీది చర్మము నుండి, ఎడమ చేతి లోపలి అంచు నుండి వచ్చు తంతువులును ఆ అంతస్తులలోనే ప్రవేశించును. ఒకే తపాలా కచేరికి రెండు ఊళ్ల ఉత్తరములు చేరినట్లు. మెదడునకు చేతి నుండి, చర్మము నుండి వార్తలు దినదినము వచ్చుచుండును గాని, గుండె నుండి జీవితకాలమున ఒక్కమారైన రాకపోవచ్చును. అందుచేత ఉత్తరము ఎవరిదో పోల్చుకొనజాలక, తెలిసిన ఊరి పేరే చెప్పును. చేయి నొచ్చుచున్నదనును. దవడ లాగుచున్నదనును. గుండె అడుగు భాగము విభాజక పటలము మీద ఆనియుండును. ఆ పటలమునకు క్రిందనే జీర్ణాశయము. అడుగు భాగమునకు రక్తము అందనపుడు నొప్పి కడుపు పైభాగమున తోచుట, వాంతివచ్చునట్లుండుట వింత కాదు. స్త్రీలకు, మధుమేహమున్నవారికి నొప్పి అంతగా తెలియక ఆయాసము, చెమట, నీరసము మాత్రమే కనబడుట కలదు. త్రేన్పు వచ్చినంత మాత్రమున గుండె నిర్దోషి యని తీర్పు చెప్పరాదు. రొమ్ము నడుమనో కడుపు పైభాగముననో బిగపట్టినట్లుండి, చెమట పట్టి, కొన్ని నిమిషములలో తగ్గనిచో, వామును సోడాను పక్కనపెట్టి ఆసుపత్రికి పోవలసినదే. మా పెదనాయనగారి కాలమున లేని వసతి నేడున్నది. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు నేడు పల్లెలకును వచ్చుచున్నది.

ప్రసంగము మొదట మీరు ఎడమ రొమ్ము మీద వేసికొన్న చేతిని ఇప్పుడు జ్ఞాపకము చేసికొనుడు. ఇంటిలో ఒకరు హఠాత్తుగా పడిపోయినారు. పిలిచినను కదిపినను పలుకరు. ఊపిరి లేదు, లేక ఎగశ్వాసవలె ఉండి ఉండి ఒకటి తీయుచున్నారు. అట్టి సమయమున, ఒకరు 108కు ఫోను చేయుచుండగా, మరియొకరు ఆ మనిషిని గట్టి నేల మీద వెల్లకిల పరుండబెట్టి రొమ్మును అదుమవలెను. ఎచట? ఎడమప్రక్క కాదు. అచట అదిమినచో ప్రక్కటెముకలు విరుగును గాని గుండె నలుగదు. రొమ్ము నడిమి ఎముక క్రింది సగము మీద అరచేతి మడమను ఉంచి, దాని మీద రెండవ చేతినుంచి, మోచేతులు వంచక, అయిదు సెంటీమీటర్ల లోతునకు, ఆరు మించకుండ, అదిమి విడువవలెను. నిమిషమునకు 100 నుండి 120 మార్లు. ఎముకకు వెన్నెముకకు నడుమ గుండె ఉన్నది గనుక, మన చేయి అదిమినపుడెల్ల అది పిండబడి మెదడునకు రక్తము పోవును. విడిచినపుడు మరల నిండును. సహాయము వచ్చువరకు మానరాదు. అలసినచో చేయి మార్చుకొనవలెను. గుండె ఉన్న చోటు తెలిసియుండుట ఒక మనిషి బ్రదుకునకు సంబంధించిన సంగతి యని మొదట అన్నది ఇందులకే.

రెండవ ఉదాహరణము గొంతుకది. మన ఇండ్లలో భోజనమువేళ ఎవరికైన పొలమారినచో, నడినెత్తిన తట్టి “ఎవరో తలచుకొనుచున్నారు” అందురు. మాట ముచ్చటగానే ఉన్నది. గొంతుకలో వెనుక అన్నవాహిక, ముందు వాయునాళము ఉన్నవి. అన్నము వాయునాళపు వాకిలి మీదుగా దాటి వెనుకకు పోవలెను. మ్రింగునపుడు స్వరపేటిక పైకి లేచి, ఉపజిహ్విక అను చిన్న మూత క్రింద దూరును. మీ కంఠము మీద వ్రేలుంచి గుటక వేయుడు, ఆ లేచుట తెలియును. మ్రింగుచు మాటలాడినను, నవ్వినను ఆ ఏర్పాటు తప్పి మెతుకు ముందు దారి పట్టును. దానినే పొలమారుట అందుము. (కొండనాలుకను ఈ మూతయని పొరబడరాదు. నోరు తెరచిన కనబడునది కొండనాలుక. ఈ మూత నాలుక మొదలు వెనుక దాగి కనబడదు.) దగ్గు వచ్చుచున్నంతవరకు, మాట పలుకుచున్నంతవరకు, ఆ మనిషిని దగ్గనిండు. అంతకంటె మంచి మందు లేదు. దగ్గు రాక, మాట పెగలక, గొంతు పట్టుకొని ముఖము నీలబడినచో నడినెత్తి తట్టుట వలన ప్రయోజనము లేదు. ముందుకు వంచి, రెండు భుజఫలకముల నడుమ అరచేతి మడమతో అయిదు మార్లు గట్టిగా కొట్టవలెను. పోనిచో వెనుకనుండి చేతులు చుట్టి, బొడ్డునకు రొమ్ముటెముకకు నడుమ పిడికిలి నుంచి, లోపలికిని పైకిని అయిదు మార్లు లాగవలెను. విభాజక పటలము పైకి లేచి, ఊపిరితిత్తులలో మిగిలిన గాలి ఆ అడ్డమును వెలికి చిమ్మును. ఏడాది నిండని పసిబిడ్డకు మాత్రము కడుపు నొక్కరాదు. ముంజేతి మీద బోర్ల తలక్రిందుగా పరుండబెట్టి వీపున అయిదు, వెల్లకిల త్రిప్పి రొమ్ము నడుమ అయిదు. కనబడని వస్తువు కొరకు నోటిలో వ్రేలు పెట్టి వెదకుట ఎవరికిని మంచిది కాదు. అది ఇంకను లోపలికి పోవును.

దినమునకు 180 లీటర్ల ద్రవమును వడపోసి లీటరున్నర మాత్రమే విడిచిపెట్టు మూత్రపిండములను గురించి, ఆరు మీటర్ల చిన్నప్రేవును గురించి నాకిచ్చిన వ్యవధిలో చెప్పజాలను. కండరముల సంగతి ఒక్కటి విడువజాలను, అది మన భీమవరమున పుట్టిన ఒకాయనకు సంబంధించినది గనుక. మేడమెట్లు గబగబ ఎక్కునపుడు తొలి క్షణములలో తొడ కండరములకు శక్తి ఎచట నుండి వచ్చును? యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు వైద్యవిద్యాలయమున ఫిస్కెతో కలిసి 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొన్నారు. ఆ తొలి క్షణముల అప్పు తీర్చు నిలువ ధనము అదియే. రెండేండ్లకు కణములన్నిటను శక్తికి నాణెము వంటిదైన ఏటీపీని కూడ వేరుచేసి చూపినారు. వెసేలియసు కత్తితో చూచినదానిని ఈయన పరీక్షనాళికలో చూచినారన్నమాట.

కాని పరీక్షనాళిక వచ్చినను, దేహము లోపలను కోయకయే చూపు యంత్రములు వచ్చినను, వైద్యవిద్యార్థి మొదటి పాఠము నేటికిని ఒక మృతదేహము దగ్గరనే. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో పండిత మధుసూదన గుప్త, తాను సంప్రదాయ కుటుంబమున పుట్టిన వైద్యుడై యుండియు, శవమును కోసి చూపెను. కులాచారము నాడు ఎంత పట్టుగా నుండెనో తలచుకొన్న, ఆ కత్తి పట్టిన చేతికి ఎంత ధైర్యము కావలసివచ్చినదో తెలియును. పదేండ్లకు, 1846లో, హైదరాబాదులో వైద్యపాఠశాల ఏర్పడినది. విశాఖపట్నమున 1923లో వైద్యకళాశాల వచ్చినది.

నా మొదటి దినము నాకు బాగుగా జ్ఞాపకము. ఫార్మలిను ఘాటునకు కన్నీరు కారుచుండెను. అది ఘాటువలననో భయమువలననో ఎవరమును చెప్పుకొనలేదు. బల్ల మీద ఒక వృద్ధుడు. అరచేతులలో కాయలు కాచియుండెను. వాటిని చూచి, ఏదో కాడి పట్టినవాడు, లేక బరువులు మోసినవాడు అనుకొంటిని. పేరు ఎవరికిని తెలియదు. ఎవరును వచ్చి అడుగని దేహము. ఆ ఏడాది ఆయన మాకు నేర్పినంత ఏ ఆచార్యుడును నేర్పలేదు. ఆయన గుండె రొమ్ముటెముక వెనుకనే ఉన్నదని నా చేతితో తాకి చూచినాను. చూచియుండియు ఆ సెలవులలో పొరబడితిని, అది వేరు సంగతి.

నేను పాఠము చెప్పిన కాలమున ఒక్కొక్క బల్ల చుట్టును పదునైదుగురు విద్యార్థులు మూగి నిలువవలసివచ్చెడిది. వెనుకనున్నవాడు మడమలెత్తి చూచెడివాడు. చూడకయే నేర్చిన చేయి రేపు మన ఇంటివారి మీదికే వచ్చును గదా. అందుచేత దేహదానమును గురించి నాలుగు మాటలు. బ్రదికియుండగానే దగ్గరి వైద్యకళాశాలలోని శరీరనిర్మాణశాస్త్ర శాఖలో పత్రము నింపి, సాక్షుల సంతకములతో ఇయ్యవచ్చును. మరణానంతరము బంధువులు వైద్యుని ధ్రువపత్రముతో కొన్ని గంటలలో వార్త పంపవలెను. శవపరీక్ష జరిగిన దేహమును, కొన్ని అంటువ్యాధులతో మరణించినవారి దేహమును కళాశాల తీసికొనదు. కన్నులను ఆరు గంటలలోపల నేత్రనిధికి ఇచ్చి, ఆపైన దేహమును కూడ ఇయ్యవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, ఇంటివారితో ముందుగా మాటలాడి యుండుట. సంతకము చేసిన మనిషి పోయిన దినమున పత్రము సంగతి తెలిసినవారు ఇంట లేకున్నను, తెలిసినవారు ఒప్పుకొనకున్నను, ఆ సంతకము పనికిరాదు.

మా ఇంట ఈ మాట ఎత్తినపుడు మొదట ఎవరును సమాధానము చెప్పలేదు. ఆ వేసవిలో మా పెదనాయనగారి పెద్దకుమారుడు వచ్చి రెండు దినములుండి, పోవునపుడు తానే అడిగి సాక్షి సంతకము పెట్టినాడు. పత్రము మా బీరువా పై అరలో నున్నది. తాళపుచెవి ఎచటనుండునో ఇంటిలో అందరికిని చెప్పియుంచినాను.